మూడవ ఫ్యూజుకు ముందు

నడుచుచున్న కారు నడిబాటలో నిలిచిపోయినపుడు ఫ్యూజుల పెట్టె మూత తీసి, మాడిన ఫ్యూజును లాగివేసి, అదే కొలత గల మరియొక ఫ్యూజును అమర్చి, తాళము త్రిప్పగానే ఇంజను పలికినయెడల, చిక్కు తీరినదని సంతోషించుట మానవసహజము. మొదటి పర్యాయము ఆ సంతోషము న్యాయమైనదే. ఏలయన, ఫ్యూజులోని సన్నని లోహపు పట్టీ ఏండ్ల తరబడి వేడెక్కుచు, చల్లారుచు, అలసి, వేరే దోషమేదియు లేకయే తెగిపోవుట కలదు. కాని రెండవ ఫ్యూజు కూడ పోయిన నిమిషమున ఆ సంతోషమునకు ఆధారము తొలగినట్లే. అప్పటినుండి మన ముందున్నది కారణమును వెదకు పని. వస్తువును మార్చుటకు చేయి చాలును. కారణమును వెదకుటకు కొంత నిలుకడ గల మనస్సు కావలెను. మూడవ ఫ్యూజును పెట్టుటకు ముందు, పోయిన రెండు ఫ్యూజులును ఏమి చెప్పినవో వినవలెనని ఈ అధ్యాయమున నా విన్నపము.

ఇందు చెప్పునది ఇంధనపు పంపు ఫ్యూజును గూర్చియే గాన, పంపునకును ఫ్యూజునకును సంబంధము ఎట్లు కలిగెనో ముందు తెలిసికొనుట మంచిది. వెనుకటి ఫియట్ కార్లయందును, అటుపిమ్మటి ప్రీమియర్ పద్మినులయందును, పెట్రోలు పంపు ఇంజను ప్రక్కనే బిగింపబడి, ఇంజను తిరుగుడుచేతనే లోని డయాఫ్రము ఎగసి పడుచు, పెట్రోలును కార్బురేటరునకు తోడెడిది. దానికి విద్యుత్తుతో పని లేదు గాన ఫ్యూజుతోను పని లేదు. దాని కష్టములు వేరు: ఎండకాలమున అనంతపురము, కడప బాటలలో పంపులోని పెట్రోలు ఆవిరియై ప్రవాహము నిలిచిపోగా, డ్రైవరు బానెట్టు ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టునీడన వేచియుండుట ఆ తరమువారెల్లరు ఎరిగినదే. 2000వ సంవత్సరపు ఏప్రిల్ మాసమునుండి దేశమంతట క్రొత్త ఉద్గార నియమములు అమలులోనికి వచ్చిన పిమ్మట, కార్బురేటరు క్రమముగా వెనుకకు తగ్గి, ప్రతి సిలిండరునకును వేరువేరుగా పెట్రోలును చిమ్ము ఎం.పి.ఎఫ్.ఐ. పద్ధతి సామాన్య గృహస్థుని చిన్నకారులోనికి సైతము ప్రవేశించెను. కార్బురేటరునకు చదరపు సెంటీమీటరునకు పావుకిలో ఒత్తిడి చాలినచోట, పెట్రోలును చిమ్ము ఈ ఇంజెక్టర్లకు దాదాపు 3 కిలోల ఒత్తిడి కావలసివచ్చినది. అంతటి ఒత్తిడిని నిలకడగా ఇచ్చుటకు విద్యుత్ మోటారుతో నడుచు పంపును పెట్రోలు ట్యాంకులోనే ముంచి యుంచిరి. ఆవిరి కట్టుట తగ్గినది. కాని పంపు కంటికి కనబడకుండ పోయినది, దాని ప్రాణము రిలే అను ఒక విద్యుత్ స్విచ్చి మీదను, కొన్ని గజముల తీగ మీదను, ఒక చిన్న ఫ్యూజు మీదను ఆధారపడినది.

తాళమును స్టార్టు వరకు పోనీయక, దానికి ముందరి స్థానమున నిలిపి, చెవి యొగ్గి వినినచో, వెనుక సీటు క్రిందనుండి రెండు మూడు సెకండ్లపాటు సన్నని ఝంకారము వినవచ్చి ఆగిపోవును. ఇంజను కంప్యూటరు రిలేను మూయగా పంపు గొట్టములలో ఒత్తిడిని నింపుట అది. ఇంజను తిరుగుచున్నదని కంప్యూటరునకు తెలిసినయెడల పంపు నడచుచునే యుండును, తెలియనియెడల ఆగిపోవును. ఆరోగ్యముగా నున్న పంపు నడకలో సాధారణముగా 4 మొదలు 7 ఆంపియర్ల వరకు విద్యుత్తును గైకొనును. బయలుదేరు క్షణమున మాత్రము దానికి రెండు మూడింతలు లాగి వెంటనే తగ్గును. ఆ క్షణికమైన పెరుగుదలను ఓర్చుకొనుటకే పెక్కు కార్లలో ఈ మార్గమునకు 15 ఆంపియర్ల నీలిరంగు ఫ్యూజునో, కొన్నిట 20 ఆంపియర్ల పసుపుపచ్చనిదానినో పెట్టుదురు. ఎరుపు 10కిని, ఆకుపచ్చ 30కిని గుర్తులు. తమ కారునకు ఏది విధింపబడినదో పెట్టె మూత వెనుకనే అచ్చువేసి యుందురు. అది చదువక కన్నమునకు సరిపడినదని ఏదో ఒకటి గ్రుచ్చుట తగదు.

ఫ్యూజు ఉన్నది పంపును కాపాడుటకని చాలమంది తలంతురు. నిజమునకు అది కాపాడునది తీగను. తీగలో పుట్టు వేడి విద్యుత్ప్రవాహపు వర్గమును అనుసరించి పెరుగునని జేమ్స్ జౌల్ 1841లో ప్రకటించెను. అనగా, ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగింతలగును. 15 ఆంపియర్లకు తగిన తీగ ముందు 30 ఆంపియర్ల ఫ్యూజును పెట్టినవాడు ఆ తీగను నాలుగింతల వేడికి అప్పగించుచున్నాడు; ఆ తీగ పోవునది వెనుక సీటు దూదిపరుపు క్రిందుగా, పెట్రోలు ట్యాంకు నెత్తిమీదుగా. చెరువునకు కలుజు ఎందులకు కట్టుదురో మార్గమునకు ఫ్యూజు పెట్టుటయు అందులకే: నీరు హద్దు మీరినపుడు కట్ట తెగక, ముందుగా నిర్ణయించిన చోటనే పొర్లిపోవలెను. కలుజునకు అడ్డముగా మట్టిమూటలు పేర్చి మరికొంత నీరు నిలుపుకొనువాడు, కట్ట ఎక్కడ తెగునో తెలియని ఆపదను ఊరి నెత్తిన పెట్టుచున్నాడు. పెద్ద ఫ్యూజు వేయుటయు, మాడిన ఫ్యూజు కాళ్లకు సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టి ‘ఇంటివరకు చేరినచో చాలు’ ననుకొనుటయు ఆ కోవలోనివే. రాత్రివేళ, బిడ్డలు వెనుక సీటున నిద్రించుచుండగా, ఊరు ఇంకను దూరమున నున్నపుడు ఈ ప్రలోభము ఎంత బలమైనదో నేను ఎరుగుదును; ఐనను దానికి లొంగరాదని ఎంత గట్టిగా చెప్పగలనో అంత గట్టిగా చెప్పుచున్నాను. కారును ప్రక్కకు తీసి, మరియొక వాహనము తెప్పించుకొని పోవుడు.

ఇక మాడిన ఫ్యూజును పారవేయక వెలుతురున పట్టి చూడవలెను. లోని పట్టీ మాయమై, పారదర్శకపు తొడుగు లోపల నల్లని మసియో, వెండివలె మెరయు పూతయో పట్టియున్నయెడల, మహాప్రవాహము ఒక్కసారిగా దూసికొనిపోయినదని, అనగా తీగ ఎక్కడనో నేరుగా కారు దేహమును తాకి షార్టు అయినదని గ్రహింపవచ్చును. పట్టీ నడుమ మెత్తగా కరిగి చిన్న ఎడము మాత్రమే ఏర్పడి, మసి లేకున్నచో, హద్దునకు కొంచెము మించిన భారము కొంతసేపు నిలిచినదని అర్థము. పట్టీ చెక్కుచెదరకయే ప్లాస్టిక్కు కాళ్లవద్ద కరిగి గోధుమరంగునకు తిరిగినచో, దోషము మార్గములోనిది కాదు, ఫ్యూజు కూర్చుండు సాకెట్టులోనిది. సాకెట్టు పట్టు వదులై, ఆ వదులుతనముచేతనే వేడి పుట్టినది. అట్టిచోట పంపును మార్చినను, తీగను మార్చినను ఫలము సున్న. ఈ మూడు ఆకృతులను గుర్తింపనేర్చినవానికి సగము దారి అప్పుడే గడచినది.

ఆకృతి తరువాత కాలము. ఫ్యూజు మీద 15 అని వ్రాసియున్నంత మాత్రమున 15 దాటగానే అది తెగునని భావింపరాదు. తయారీదారుల కొలతల ప్రకారము, ఇట్టి ఫ్యూజు తన హద్దునకు నూటికి పది మించిన ప్రవాహమును వంద గంటలైనను మోయగలదు. నూటికి ముప్పదియైదు మించినపుడు, అనగా 20 ఆంపియర్ల ప్రాంతమున, ఒక సెకండునకు లోపలనైనను తెగవచ్చును, పది నిమిషములవరకైనను ఓర్వవచ్చును. రెట్టింపైనపుడు మాత్రము 5 సెకండ్లకు మించి నిలువదు. ఈ చిన్న లెక్కనుండి ఎంతయో తెలియును. తాళము త్రిప్పిన తోడనే టప్పున పోవు ఫ్యూజు వెనుక నున్నది షార్టు అయిన తీగగాని, బిగుసుకొనిపోయిన మోటారుగాని అయియుండవలెను. ఐదు పది నిమిషములు సుఖముగా నడచిన పిమ్మట పోవు ఫ్యూజు వెనుక నున్నది క్రమముగా వేడెక్కి భారమైన పంపుగాని, ఇంజను వేడెక్కినపుడు మాత్రమే మేల్కొను మరియొక దోషముగాని అగును. గతుకులలోనో, మలుపులలోనో మాత్రమే పోవునది ఒరిపిడివలన తొడుగు చిరిగిన తీగను సూచించును. వాన కురిసిన మరునాడు పోవునది నీరు దిగిన కనెక్టరును సూచించును.

కావున ఒక చిన్న పుస్తకము కారులోనే యుంచుకొని, ఫ్యూజు పోయిన ప్రతిపర్యాయమును తేది, ఇంజను నడచిన కాలము, బాట స్వభావము, ట్యాంకులో పెట్రోలు పరిమాణము, వాన యెండలు, ఆ సమయమున వాడుకలోనున్న ఇతర పరికరములు వ్రాసికొనవలెను. జ్ఞాపకము మీద ఆధారపడినయెడల మనస్సు తనకు ముందే నచ్చిన కారణమునకు అనుకూలమైనవానినే నిలుపుకొని మిగిలినవానిని జారవిడుచును. విజయవాడ ఆటోనగరులోనైనను మరెక్కడనైనను, అనుభవముగల ఆటో ఎలక్ట్రీషియను పనిముట్టు పట్టుటకు ముందు అడుగు మొదటి ప్రశ్న ‘ఎప్పుడు పోవుచున్నది?’ అనునదే. ఆ ప్రశ్నకు ‘అప్పుడప్పుడు’ అని బదులిచ్చు యజమానికిని, తన పుస్తకము తెరచి చూపగల యజమానికిని అయ్యెడి ఖర్చులో భేదము చాల కలదు.

దీనికి సాటివచ్చు ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. దానినే చాలమంది విస్మరింతురు. ఈ ఫ్యూజు పంపునకు మాత్రమే విద్యుత్తు నిచ్చుచున్నదా, లేక దానిని మరికొన్ని పరికరములు పంచుకొనుచున్నవా? పెట్టె మూత మీద ‘ఫ్యూయల్ పంప్’ అని యొక్క పేరే అచ్చువేసియున్నను, వైరింగు పటము చూచినయెడల అదే ఫ్యూజునుండి ఇంజెక్టర్లకో, ఇగ్నిషను కాయిలునకో, పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారును వేడిచేయు హీటరునకో శాఖలు పోవుట అనేక కార్లలో కనబడును. నేనెరిగిన ఒక కుటుంబపు కారులో ఈ ఫ్యూజు, బయలుదేరిన కొంతసేపటికి, ముఖ్యముగా ఘాటురోడ్డు మలుపులలో పోవుచుండెను. ట్యాంకు దింపి పంపు మార్చిరి. ఫ్యూజు మరల పోయెను. క్రొత్త పంపు నాసిరకమని తలచి ఇంకొకటి తెప్పించిరి, అదియు అంతే. తుదకు పటము ముందు పెట్టుకొని శాఖలను ఒక్కొక్కటిగా వెదకగా, ఆక్సిజన్ సెన్సారు తీగ తన కొక్కెమునుండి జారి, కాలుచున్న పొగగొట్టము మీదికి వ్రేలాడి, తొడుగు కరిగి, ఇంజను ఒక ప్రక్కకు ఒరిగినపుడెల్ల గొట్టపు లోహమును ముట్టుకొనుచున్నదని తేలినది. పంపు మొదటినుండియు నిర్దోషి. ఆ కుటుంబము వెచ్చించిన ధనమును తలచినపుడు నాకు ఇప్పటికిని బాధ కలుగును. ఏలయన, పటమును చూచుటకు పట్టు కాలము అరగంట కంటె ఎక్కువ కాదు. తమ కారు మరమ్మతు పుస్తకమునందలి ఆ యొక్క పుటను తెచ్చుకొని, ఫ్యూజునుండి బయలుదేరు ప్రతి శాఖను రంగు పెన్సిలుతో గీచుకొనుట ఈ పనికి నిజమైన ఆరంభమని నా నిశ్చితాభిప్రాయము.

పరీక్షకు దిగుటకు ముందు జాగ్రత్తలు చెప్పవలెను. వీనిని చదివి దాటిపోవలదు. పెట్రోలు మంచు గడ్డకట్టు చలికంటె ఎంతయో తక్కువ వేడిమియందు సైతము మండదగినంత ఆవిరిని వెలువరించును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది గాన పైకి పోక నేలను పట్టి ప్రాకును, మరమ్మతు గుంటలలో నిలిచియుండును. కావున తలుపులు మూసిన షెడ్డులో ట్యాంకు మూత విప్పరాదు. పగిలిన చాలు నిప్పు రవ్వ నిచ్చు పాతకాలపు తీగబల్బు దీపమును దరికి రానీయరాదు. పొడి రసాయనపు అగ్నిమాపకము చేతికందునంత దూరమున ఉండవలెను. గొట్టమును విప్పవలసినయెడల, పంపు ఫ్యూజును గాని రిలేను గాని తీసివేసి ఇంజనును స్టార్టు చేసి, అది పెట్రోలు చాలక తనంతట ఆగువరకు నడపినచో, గొట్టములలోని ఒత్తిడి తగ్గును. ఆ తరువాతనే బ్యాటరీ మైనస్ తీగను విప్పి పని ప్రారంభింపవలెను. పసుపుపచ్చని తొడుగులో నడుచు ఎయిర్‌బ్యాగు తీగలను పరీక్షాదీపముతోగాని మీటరుతోగాని తాకనే తాకరాదు.

ఇప్పుడు పరీక్ష. మల్టీమీటరుతో తీగకును దేహమునకును నడుమ ఓములు కొలిచి షార్టును పట్టుకొందమని మొదట తోచును. పంపు కనెక్టరు తగిలియుండగా ఆ కొలత మనలను మోసగించును. పంపు మోటారుకు సహజముగనే ఒకటి రెండు ఓములకు మించని నిరోధము ఉండును. మీటరు తీగల నిరోధమే అర ఓము వరకు ఉండవచ్చును. ఇట్టి స్థితిలో ఆరోగ్యముగా నున్న పంపునకును షార్టు అయిన తీగకును భేదము తెలియుట దుస్తరము. ఇందులకై పాత ఎలక్ట్రీషియనులు వాడు ఉపాయము మిక్కిలి సరళమైనది, నమ్మదగినది. హెడ్‌లైటు బల్బు నొకదానిని తీసికొని, దాని 55 వాట్ల పట్టీకి రెండు తీగలు అతికి, ఆ తీగల రెండవ కొసలను మాడిన ఫ్యూజు కాళ్లకు టంకముతో అతుకుదురు. ఈ దీపపు ఫ్యూజును సాకెట్టులో కూర్చినయెడల, మార్గమున షార్టు ఉన్నంతవరకు దీపము పూర్తికాంతితో వెలుగును. అయినను ప్రవాహము ఐదు ఆంపియర్ల ప్రాంతమునకు మించదు గాన తీగకు అపాయము లేదు, ఫ్యూజులు ఒకదాని వెంట ఒకటి వ్యర్థము కావు. దీపము చాల వేడెక్కును గనుక దానిని ఫ్యూజుల పెట్టెవద్దనే, ప్లాస్టిక్కునకును గుడ్డకును దూరముగా వ్రేలాడదీయవలెను. ట్యాంకు దరికి కొనిపోరాదు.

మొదట పంపు కనెక్టరును ట్యాంకు వద్ద ఊడదీయవలెను. లేకున్నచో పంపు ద్వారా పోవు ప్రవాహముచేతనే దీపము వెలిగి మనలను భ్రమింపజేయును. రిలేను కూడ తీసివేసి, తాళము త్రిప్పి చూడవలెను. ఈ స్థితిలోనే దీపము నిండుగా వెలిగినచో దోషము ఫ్యూజునకును రిలేకును నడుమనో, ఆ భాగమునుండి చీలిన శాఖలయందో ఉన్నది. మసకగా వెలిగినచో అది శాఖలలోని పరికరములు న్యాయముగా గైకొను విద్యుత్తు కావచ్చును గాన వానిని ఒక్కొక్కటిగా విప్పుచు దీపమును గమనింపవలెను. దీపము వెలుగనియెడల ఆ భాగము నిర్దోషము. అంతట రిలే సాకెట్టులో 30, 87 అను అంకెలకు చెందిన రెండు రంధ్రములను చిన్న తీగతో కలుపవలెను. రిలే మూసినపుడు జరుగు పనియే ఇది. కంప్యూటరు ఇచ్చు రెండు సెకండ్ల గడువుతో మనకు ఇక నిమిత్తము లేదు. ఇప్పుడు దీపము వెలిగినచో దోషము రిలేనుండి ట్యాంకు వరకు పోవు తీగలో ఉన్నది. ఎంత కదపినను వెలుగనిచో తీగ మంచిదే, అనుమానము పంపు మీదికి పోవును. దీపమును సాకెట్టులోనే యుంచి, తోడొకరిని దానివద్ద నిలిపి, తీగల కట్టను ముందునుండి వెనుకకు జానెడు జానెడుగా కదపుచు పోయినయెడల, దోషపు చోటు చేతికి తగిలినపుడు దీపము రెపరెపలాడును. గతుకులలో మాత్రమే పోవు ఫ్యూజు రహస్యము ఈ విధముగనే బయటపడును.

తీగలు చెడు చోటులు కొన్ని ప్రసిద్ధములు. రేకులోని రంధ్రముగుండ తీగ పోవుచోట రబ్బరు గ్రోమెట్టు ఊడిపోయి రేకు అంచు తొడుగును కోయును. వెనుక సీటు బిగించు కొక్కెముల క్రింద తీగ నలుగును. ధాన్యపు కొట్టముల ప్రక్కనో, చెత్తకుప్పల చేరువనో నిలుపు కార్లలో ఎలుకలు తొడుగును కొరుకును. ఒకచోట పంటిగాటు కనబడినచో కట్ట పొడవునను వెదకవలెను. దొంగతనము నివారించు అలారములు బిగించినపుడును, ఎల్.పి.జి. లేక సి.ఎన్.జి. కిట్టు అమర్చినపుడును, పంపు తీగను కోసి నడుమ ఒక రిలేను చేర్చుట ఆచారము. ఆ అతుకులు చాలచోట్ల చేతితో మెలిపెట్టి పైన టేపు చుట్టినవే. వేసవి వేడికి టేపు జిగురు కరిగి, పొర జారి, లోని రాగి బయటపడును. కారు కొన్న నాటినుండి ఎవరెవరు ఏయే చోట తీగను కోసిరో విచారించి, ముందుగా ఆ అతుకులనే విప్పి చూచుట ఉత్తమము. దోషము కనబడినపుడు మరల టేపు చుట్టి ముగింపక, అదే మందము గల తీగతో అతికి, వేడికి ముడుచుకొను గొట్టపు తొడుగును ఎక్కించి, కట్టను రేకునకు తగులని విధమున కట్టవలెను.

పంపునే అనుమానింపవలసి వచ్చినపుడు, దానిని మార్చుటకు ముందు అది గైకొను ప్రవాహమును కొలువవలెను. ఏకముఖ విద్యుత్తును కొలువగల క్లాంపు మీటరు ఇప్పుడు దుర్లభము కాదు. సరియైన ఫ్యూజు పెట్టి, పంపును నడపుచు, తీగకు మీటరును తగిలించి పావుగంట సేపు చూడవలెను. 5 ఆంపియర్లవద్ద మొదలై అక్కడనే నిలిచినచో పంపునకు నమస్కరించి విడిచిపెట్టవచ్చును. 8, 10, 12 అని మెల్లగా ఎగబ్రాకుచున్నచో రెండు విధముల కారణముండవచ్చును: పంపు లోపల అరిగి బిగియుచున్నది, లేదా పంపునకు తరువాతనున్న ఫిల్టరు పూడిపోయి, దానిని త్రోయుటకు పంపు అదనపు శ్రమ పడుచున్నది. ఫిల్టరు వెల స్వల్పము గాన ముందు దానిని మార్చి మరల కొలువవలెను. పంపునకు ముందుండు జల్లెడ పూడినపుడు మాత్రము కథ వేరు. అప్పుడు పెట్రోలు అందక పంపు రొదచేయును, వేడెక్కును, కాని ప్రవాహము పెద్దగా పెరుగదు.

ఎర్త్, అనగా పంపును కారు దేహమునకు కలుపు తీగ, చెడినందువలన పంపు ఫ్యూజు పోవుచున్నదను మాట షెడ్డులలో తరచు వినబడును. ఇట్టి సాధారణ మోటారు విషయమున నేను దానిని అంగీకరింపజాలను. చెడిన ఎర్త్ మార్గమున నిరోధమును పెంచును. నిరోధము పెరిగినచో ప్రవాహము తగ్గును. పంపు బలహీనమై కారు ఎత్తునకు లాగలేకపోవును గాని ఫ్యూజు తెగదు. ఎర్త్‌ను శుభ్రపరచుట మంచి పనియే. దానితో వెదకుట ముగిసినదని మాత్రము అనుకొనరాదు. అట్లే, ఫ్యూజు మంచిదైయుండి పంపు మాత్రము పలుకనియెడల వెదకవలసిన త్రోవ వేరు: అదే రకపు హారను రిలేను తెచ్చి పంపు రిలే స్థానమున పెట్టి చూచుట, ఆ రెండు సెకండ్లలో పంపు కనెక్టరువద్ద 12 వోల్టులు వచ్చుచున్నవా అని కొలుచుట, కొన్ని ఫోర్డు కార్లలో ఢీకొన్నపుడు పంపును ఆపుటకై పెట్టిన ఇనర్షియా స్విచ్చిని తిరిగి నొక్కుట.

పంపు ఎందులకు చెడినదను ప్రశ్నను కూడ విడువరాదు. లేనిచో క్రొత్త పంపు పాతదాని దారినే పోవును. ట్యాంకులోని పెట్రోలే పంపునకు చలువ, అదియే దానికి నూనె. ఎల్లప్పుడు ట్యాంకు అడుగంటువరకు నడపువారి పంపులును, గ్యాసు మీద నడచుచున్నామను ధీమాతో ట్యాంకులో రెండు లీటర్లు మాత్రమే ఉంచువారి పంపులును త్వరగా అరుగును; ఏలయన పెక్కు కిట్లలో గ్యాసు మీద నడచునపుడు సైతము పంపు తిరుగుచునే యుండును. ఇప్పుడు మనకు లభించు పెట్రోలునందు ఇథనాలు నూటికి ఇరువది వరకు కలియుచున్నది. ఇథనాలు నీటిని పీల్చుకొను స్వభావము గలది గనుక, నెలల తరబడి కదలని కారు ట్యాంకులో నీరు చేరి తుప్పు పట్టుటకు అవకాశము హెచ్చు. ట్యాంకులో పావువంతుకు తగ్గకుండ పెట్రోలు ఉంచుట, నిలిపిన కారును అప్పుడప్పుడు నడపుట, పంపు మార్చినపుడు ట్యాంకు అడుగును కడిగి జల్లెడను కూడ మార్చుట, ఈ మూడును చేసినవాని పంపు దీర్ఘకాలము నిలుచును.

దోషము దొరికి, సరిచేసిన పిమ్మట, దీపమును తీసివేసి, మూత మీద వ్రాసిన కొలతకే సరియైన క్రొత్త ఫ్యూజును పెట్టవలెను. రిలేను తిరిగి కూర్చి, ట్యాంకు వద్ద పెట్రోలు చెమ్మయు వాసనయు లేవని నిర్ధారించుకొని, పంపు ప్రవాహమును మరియొకమారు కొలిచి ఆ అంకెను పుస్తకమున వ్రాయవలెను. మరుసటి యేడు అనుమానము కలిగినపుడు పోల్చి చూచుటకు ఆ అంకె కంటె విలువైన ఆధారము ఉండదు. ఆపైన ఫ్యూజు ఇదివరకు ఏ స్థితిలో పోయెడిదో ఆ స్థితిలోనే కారును నడపి చూడవలెను: గతుకులలో పోయినదైనచో గతుకుల బాటనే పట్టియు, వానలో పోయినదైనచో కనెక్టరువద్ద నీరు చల్లియు, వేడెక్కిన పిమ్మట పోయినదైనచో అరగంట నిలువక నడపియు. ఊరి వెలుపలి దూరప్రయాణమునకు ఈ పరీక్ష ముగియనిదే బయలుదేరరాదు. అదే రంగు ఫ్యూజులు రెండు మూడు పెట్టెలోని ఖాళీ అరలలో ఉంచి, ముప్పదివి ఏవైన అక్కడ కనబడినచో తీసివేయుడు.